ముత్యపుచిప్ప తీగ

తలుపు దగ్గర మగమనిషి గొంతు వినబడగానే, ఎవరో ఇల్లు తప్పి వచ్చారనుకుంది మునీశ్వరి. ఆమె ఇంటికి పనిగట్టుకుని వచ్చేవాళ్లు ఎవరూ లేరు. కుప్పంలో రైలుకట్టకు ఇవతల వరసగా ఉన్న పెంకుటిళ్లలో చివరిది ఆమెది. ఒక గది, ఒక వసారా. భర్త ముద్దుకృష్ణ గ్రానైటు రాళ్లకు పాలిష్ పట్టే పనిలో ఉండి, దగ్గు ముదిరి, తొంభై రెండులో పోయాడు. పిల్లలు లేరు. అత్తింటివాళ్లు దినాలయ్యేదాకా ఉండి, వెళ్లిపోయారు. పుట్టిల్లు పుంగనూరే గానీ, తండ్రి మారప్ప కూడా పోయాక అక్కడా తలుపు మూతపడింది. పొద్దున పట్టుదారం తీసే షెడ్డుకు పోవడం, వేన్నీళ్లలో నానిన వేళ్లతో మధ్యాహ్నానికి తిరిగి రావడం, ఇంత వండుకుని తినడం. షెడ్డులో మిషన్ల హోరుకు మాట వినపడదు. ఇంట్లో మాట్లాడడానికి మనిషి లేదు. ఒక్కోరోజు సాయంత్రం అంగడికి పోయి ఉప్పో పప్పో అడిగితే, ఆ రోజుకు అదే మొదటి మాటయ్యేది. గొంతు బొంగురుగా పలికేది.

వచ్చినాయన నలభై దాటిన మనిషి. చొక్కా మడతల్లో చెక్కపొడి ఉంది. భుజాన పొడుగాటి గుడ్డసంచి.

“పుంగనూరు మారప్ప కూతురిల్లు ఇదేనామ్మా?”

“అవునప్పా. ఆయప్ప పోయినాడు గదా.”

“తెలిసింది. ఆడికే పొయ్యి వస్తాండాను. పక్కింటామె సెప్పింది, ఆయప్ప పని నీకూ వచ్చునని.”

మారప్ప పని అంటే చిప్ప పని. ముత్యపుచిప్పను సన్నరంపంతో ఆకులుగా, పూలుగా, చిలకలుగా కోసి చెక్కలో పొదిగేవాడు. వీణలకు, హార్మోనియం పెట్టెలకు, ఉన్నవాళ్లు చేయించుకుంటే ఉయ్యాల బల్లలకు. కొడుకులు లేకపోవడంతో కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. పెళ్లయ్యాక మునీశ్వరి రంపం ముట్టలేదు. తండ్రి పోయినప్పుడు పనిముట్ల పెట్టె మాత్రం తెచ్చుకుని మంచం కింద పెట్టుకుంది.

వచ్చినాయన పేరు హరినాథ్. మదనపల్లెలో గిటార్లు చేస్తాడట. బెంగళూరులో ఒక వాయిద్యాల కొట్టులో చాలా ఏళ్లు పనిచేసి, యజమాని కొట్టు మూసేస్తే సొంత ఊరు చేరి, నేర్చిన పని వదల్లేక అక్కడే ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. చర్చిల వాళ్లు, హాస్టళ్లలో చదివే పిల్లలు కొంటున్నారు. బెంగళూరు నుంచి కూడా అడుగుతున్నారు గానీ, వాళ్లకు గిటారు మెడ మీద చిప్ప పని కావాలి. అదొక్కటే అతనికి చేతకాదు.

సంచిలోంచి నల్లటి పలక ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. రోజ్‌వుడ్. మూరెడు పొడవు, మూడు వేళ్ల వెడల్పు. దాని మీద అడ్డంగా సన్నటి గాట్లు గీసి ఉన్నాయి. పైన దూరం దూరంగా, కిందికి వచ్చేకొద్దీ దగ్గర దగ్గరగా.

“మెట్లకా?” అంది మునీశ్వరి. వీణ మెట్లు ఆమెకు తెలుసు. అవి మైనంలో కూర్చుంటాయి.

“మెట్లకే. ఇత్తడి తీగలు కొడతాను. వాటి మధ్యన నీ పని.”

సినిమాల్లో తప్ప ఆమె గిటారును చూసి ఎరగదు. పలకను వేళ్లతో తడుముతూ చాలాసేపు నిలబడింది. ఏళ్లు గడిచాయి, చెయ్యి మరిచిపోయుంటుందని చెప్పి పంపించేద్దామనుకుంది. కానీ ఆ చెక్క నునుపు వేళ్లను వదల్లేదు.

“ఒక ఆకు కోసి సూస్తాను. బాగుంటేనే తీసుకోప్పా,” అంది.

ఆ ఒక్క ఆకుకు రంపపు తీగలు ఎన్ని తెగిపోయాయో. చిప్ప మొండిది, పెళుసుది. తొందరపడితే పగులుతుంది. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, చిప్పను నీళ్లతో తడుపుతూ, నాన్న చెప్పినట్టు రంపాన్ని కాకుండా చిప్పను తిప్పుతూ కోయాలి. చిప్పలో మెరుపుకు ఒక వాలు ఉంటుంది. పక్కపక్కనే పెట్టే రెండు ఆకులకు ఆ వాలు కలవకపోతే ఒకటి వెలుగుతుంది, ఒకటి చచ్చినట్టుంటుంది. వారం గడిచేసరికి చెయ్యికి అన్నీ గుర్తొచ్చాయి. ఆకును పలకలో కూర్చోబెట్టి, చుట్టూ సందుల్లో చెక్కపొడి కలిపిన జిగురు నింపి, ఆరాక అరగదీసి, వేలితో తుడిచి చూసుకుంది. నల్లటి చెక్కలోంచి ఆకు తెల్లగా తొంగి చూసింది. ముద్దుకృష్ణ పోయాక ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. చూసినవాళ్లు లేరు.

అట్లా మొదలైంది. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వచ్చే బస్సులో పలకలు వచ్చేవి. కండక్టరు జగదీష్ వాటిని సీటు వెనక జాగ్రత్తగా పెట్టి తెచ్చేవాడు. “అక్కా, నీ కట్టెలొచ్చినాయి,” అని బస్టాండులో అందించేవాడు. పని అయ్యాక పాత చీర ముక్కలో చుట్టి, అదే బస్సులో పంపేది. కూలి కూడా జగదీష్ చేతిమీదుగానే వచ్చేది. హరినాథ్ ఏడాదికి ఒకసారి చిప్ప ఇవ్వడానికి వచ్చేవాడు. వసారాలో కూర్చుని, కాఫీ తాగి, బస్సు వేళకు లేచి వెళ్లేవాడు. పని గురించి తప్ప వేరే మాటలు నడిచేవి కావు. అతనికి పెళ్లాం బిడ్డలు ఉన్నారో లేరో ఆమె అడగలేదు. ఆమె ఒంటరిగా ఎట్లా ఉంటోందో అతనూ అడగలేదు.

మొదట్లో పలక మీద పెన్సిలుతో బొమ్మ గీసి పంపేవాడు. ఇక్కడ చుక్క, ఇక్కడ పువ్వు, చివర్న ఒక పక్షి. గీతలు వంకరగా ఉండేవి. మునీశ్వరి వాటిని సరిచేసుకునేది. ఒకసారి అతను గీసిన ద్రాక్షతీగ ఆమెకు నచ్చలేదు. ద్రాక్షతీగను ఆమె ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. తెలిసిన తీగ చెనిక్కాయ తీగ, వేరుశెనగది. నాలుగేసి రెక్కల ఆకులు, సన్నటి పువ్వు, పువ్వు వాడాక నేలలోకి దిగే ఊడ. దాన్ని కోసి పొదిగి, తిట్టు వస్తుందేమోనని ఎదురుచూసింది. తిరుగు బస్సులో వచ్చిన పలక మీద బొమ్మ ఏదీ లేదు. మూలన చిన్నగా రాసి ఉంది: ‘నీ ఇష్టం అమ్మా.’

ఆమె ఆ మాటను చాలాసేపు చూసింది. పుట్టినప్పటి నుంచి ఎవరూ ఏదీ ఆమె ఇష్టానికి అట్లా వదిలిపెట్టలేదు. ఆ పలకను చాలా రోజులు ముట్టుకోలేకపోయింది.

తర్వాత నుంచి ఖాళీ పలకలే వచ్చాయి. వాటి మీద ఏం పెట్టాలన్న ఆలోచనతోనే ఆమె రోజులు నడిచేవి. పట్టుగూళ్లు, ఉలవ తీగ, చింతపువ్వు, వానకు ముందు బారులు తీరే చీమలు. షెడ్డులో దారం తీస్తున్నా మనసు పలక మీదే ఉండేది. ఒకసారి హరినాథ్ బెంగళూరులో ఎవరి దగ్గరో దొరికిన, విదేశం నుంచి వచ్చిన సీమచిప్ప ముక్క తెచ్చిచ్చాడు. నెమలి మెడలా నీలం, పచ్చ కలిసిన రంగు. అంత చిన్న ముక్కతో ఏం చేయాలో తోచక, మళ్లీ ఒక చెనిక్కాయ తీగ చేసి, ఒకే ఒక ఆకులో నాలుగో రెక్కను దానితో కోసింది. మిగతావన్నీ తెలుపే. చిప్పలో మిగిలిన తుంటను, ఆకు ఆకారంలో కంత పడ్డదాన్ని, పారేయబుద్ధి కాక డబ్బాలో దాచుకుంది.

కానీ ఆ పలకలు ఎక్కడికి పోతున్నాయో, ఏమవుతున్నాయో ఆమె చూడలేదు. మెడలు అవుతాయని తెలుసు. వాటికి పెట్టె అతుకుతారని, తీగలు కడతారని తెలుసు. అంతే. ఆమె చేతిలోంచి వెళ్లేటప్పుడు అవి మూగచెక్కలు.

సాయంత్రాలు రైల్వే స్టేషనుకు పోయి కూర్చోవడం ఆమెకు అలవాటైంది. పోయే ఊరు లేదు, వచ్చే మనుషులు లేరు. ప్లాట్‌ఫారం మీద జనం ఉంటారు, మాటలుంటాయి. తెలుగు, తమిళం, కన్నడం కలగలిపి. ఎవరి గొడవలో వాళ్లు మాట్లాడుకుంటుంటే వింటూ బెంచీ చివర కూర్చునేది. బెంగళూరు బండి వెళ్లిపోయాక లేచి ఇంటికి వచ్చేది.

రెండు వేల ఆరులో అక్కడే ఆ గిటారును చూసింది. కుప్పంలో డాక్టరు చదువుతున్న తేజస్విని అనే అమ్మాయి సెలవులకు బెంగళూరు పోతూ, దాన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. మెడ పొడుగునా చెనిక్కాయ తీగ. నడుమ ఒక ఆకుకు నాలుగో రెక్క నీలంగా మెరుస్తోంది.

మునీశ్వరి ఆ రెక్కను పోల్చుకుంది. దగ్గరికి జరిగి, “ఇది నేను కోసిందమ్మా,” అంది.

ఆ అమ్మాయి అర్థంకానట్టు చూసింది. “ఏది ఆంటీ?”

“ఈ తీగ. ఈ ఆకులు.”

“లేదాంటీ, ఇది మదనపల్లెలో హరినాథ్ అంకుల్ చేసింది. మా నాన్న చెప్పి చేయించారు. అంకులే చెప్పారు, ఒక్కో ఆకూ చేత్తో కోస్తానని,” అని మర్యాదగానే నవ్వింది. ముసలామె ఏదో పొరబడిందనుకున్నట్టుంది. మునీశ్వరి ఇంకేదో చెప్పబోయేంతలో బండి వచ్చింది. ఆ అమ్మాయి గిటారును సంచిలో పెట్టుకుని ఎక్కేసింది.

మర్నాడు మునీశ్వరి పట్టు షెడ్డుకు పోలేదు. మదనపల్లె బస్సెక్కింది. జగదీష్ ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లలో పలకలే తప్ప ఆమె ఆ బస్సెక్కింది లేదు. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి తొంగి చూసింది. నాన్న పని చేసిన వీధి అటువైపే. దిగాలనిపించలేదు. ఇన్నేళ్లూ తన పలకలు ఈ ఊరి మీదుగానే పోయి వచ్చాయని మాత్రం అనుకుంది.

హరినాథ్ షెడ్డు ఆమె ఊహించుకున్నదానికంటే చిన్నది. లోపల జిగురు వాసన. గోడలకు మెడలు లేని పెట్టెలు వేలాడుతున్నాయి. హరినాథ్ జుట్టు బాగా నెరిసింది. ఉలితో ఏదో చెక్కుతున్నవాడు తలెత్తి చూసి నిలబడిపోయాడు.

“ఏమ్మా, సెప్పకుండా వచ్చినావే?”

“ఆకులన్నీ నువ్వే కోసినావంట గదప్పా,” అంది ఆమె, కూర్చోకుండానే.

ఏ ఆకులని హరినాథ్ అడగలేదు. ఉలిని బల్ల మీద పెట్టాడు.

“మొదట్లో ఎవరో అడిగినారమ్మా, ఇది కూడా నువ్వే చేసినావా అని. తల ఊపినాను. ఆ మాట అట్లే నిలబడిపోయింది. తర్వాత మార్చి సెప్పేదానికి నోరు రాలేదు.”

“ఇన్నేండ్లా?”

“సెప్తే బెంగళూరోళ్లు నేరుగా నీ కాడికే వస్తారని భయపడినాను. నువ్వు వాళ్లకు పని సేస్తే నేనేమైపోతాను?”

“నా పేరు సెప్పకపోతే పోనీ,” అంది మునీశ్వరి. గొంతు పెరగలేదు. “కుప్పంలో ఒక ఆడమనిషి ఉండాది, ఆయమ్మ కోస్తాది, అని అయినా అనొచ్చు గదా. నేను ఉండానని కూడా యాల సెప్పలేదప్పా?”

హరినాథ్ స్టూలు లాగి ఆమె ముందు పెట్టాడు. ఈసారి కూర్చుంది. గోడకు ఆనించిన గిటారు ఒకటి కనిపించింది. తీగలు కట్టి ఉంది. మెడ మీద ఆమె చింతపువ్వులు.

“దాన్ని వాయించు,” అంది. “నేను ఇంతవరకూ వినలేదు.”

అతను తీసుకున్నాడు. “నాకు పాటలు రావమ్మా. శృతి సూసుకునేదానికి కొంచెం మీటుతాను, అంతే.” మీటాడు. ఒక్కో తీగా, తర్వాత అన్నీ కలిపి. రేకుల షెడ్డు నిండా శబ్దం అలముకుంది. మునీశ్వరి కళ్లు మూసుకుని విన్నది. కళ్లు తెరిచి అడిగింది.

“చిప్ప వల్ల శబ్దానికి ఏమన్నా మేలు ఉంటాదా?”

హరినాథ్ కాస్త తటపటాయించాడు. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. “లేదమ్మా. చిప్ప లేకపోయినా ఇట్లే మోగుతాది. వాయించేవాళ్లకు అది సరిగా కనపడను కూడా కనపడదు. మెడ ఎదుటోళ్ల వైపు తిరిగుంటాది గదా. వాళ్ల కోసం అంచున చుక్కలు పెడతాను, అవి ప్లాస్టిక్‌వి.”

“అయితే ఎదురుగా కూర్చున్నోళ్లకే.”

“వాళ్లకే.”

ఆమె లేచింది. ఇకమీద పంపే పలకల్లో చివరన తన పేరు కోసి పెడతానని, అది ఒప్పుకుంటేనే పలకలు పంపమని చెప్పింది. హరినాథ్ కాదనలేదు, అవుననలేదు. బస్టాండుదాకా వెంట వస్తానంటే ఆమె వద్దంది.

ఆ తర్వాత పలకలు రాలేదు. బస్సు వచ్చే వేళకు మునీశ్వరి బస్టాండుకు పోయేది. జగదీష్ దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. కొన్నాళ్లకు ఆమెను చూసి అటు తిరిగి టికెట్లు లెక్క చూసుకుంటున్నట్టు నటించేవాడు. చివరికి ఒకరోజు చెప్పాడు. “అక్కా, ఆయప్ప ఇప్పుడు రెడీమేడ్‌వి తెప్పిస్తాండాడు. స్టిక్కర్ల మాదిరి ఉంటాయి, అట్లే అంటిస్తాడు. నువ్వు రోజూ రావద్దు.”

ఆ ఏడాది ఎంత బరువుగా గడిచిందో ఆమెకే తెలుసు. తప్పు తనదా అని కూడా అనుకుంది. పేరు అడక్కుండా ఉంటే పలకలు వస్తుండేవి. ఎప్పటిలా ఏం పెట్టాలా అని ఆలోచించుకుంటూ నిద్రపోయేది. ఇప్పుడు ఆలోచించడానికి ఏమీ లేదు. మిగిలిపోయిన చిప్ప తుంటలతో తన పేరే కోసుకుంటూ కూర్చునేది. ‘ము’ కొమ్ము విరిగిపోయేది. ‘శ్వ’ కింది వత్తు దగ్గర రంపం తెగేది. కోసినవాటిని పొదగడానికి చెక్క లేదు. స్టేషనుకు పోవడం కూడా మానేసింది.

స్టేషనులో చూసిన తేజస్వినే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఆ ముసలామె అన్న మాట మనసులో పడి, మదనపల్లె పోయినప్పుడు హరినాథ్‌ను అడిగిందట. అతను తల దించుకుని నిజం చెప్పి, ఇల్లు ఎక్కడో కూడా చెప్పాడట. గిటారు వెంట తెచ్చింది. మునీశ్వరి డబ్బా తీసి, కంత పడ్డ నీలిచిప్ప తుంటను గిటారు మెడ మీద ఆనించింది. కంతలో ఆకురెక్క సరిగ్గా కూర్చుంది. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, “సారీ ఆంటీ,” అంది. తర్వాత వసారాలో ఆమెకు ఎదురుగా కూర్చుని వాయించింది. ఏ పాటో మునీశ్వరికి తెలియదు. వేళ్లు తీగ మీద అటూ ఇటూ కదులుతుంటే, ఆకులు కనపడుతూ మాయమవుతూ ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లకే కనపడతాయన్నది నిజమే. ఇవాళ కూర్చున్నది తను.

తేజస్విని ద్వారా బెంగళూరులో గిటార్లు చేసేవాళ్లకు ఆమె సంగతి తెలిసింది. వాళ్లు పని పంపారు. చివరన పేరు పెట్టుకుంటానంటే సంతోషంగా ఒప్పుకున్నారు, తెలుగులోనే పెట్టమన్నారు. మొదటి పలకలో పేరు పొదిగిన రోజు దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని వెలుతురు తగ్గేదాకా చూసింది. కానీ పలకలతోపాటు కంప్యూటరు అచ్చులు వచ్చేవి. ఏ ఆకు ఎక్కడ, ఏ కొలత, అంతా అందులోనే. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోను చేసేవారు. కొరియర్ మనిషి సంతకం పెట్టించుకుని బండి దిగకుండానే వెళ్లిపోయేవాడు. పని బాగానే నడిచింది. పట్టు షెడ్డు మానేసింది. అయినా ఎప్పుడైనా పలక వెనక్కి తిప్పి చూసేది, ఎవరైనా ఏమైనా రాశారేమోనని. ఎవరూ రాసేవారు కాదు.

రెండు వేల ఎనిమిది చివర్లో హరినాథ్ వచ్చాడు. చేతిలో సంచి లేదు. కుడి చెయ్యి వణుకుతోంది. షెడ్డు మూసేశానని చెప్పాడు. ఫ్యాక్టరీ గిటార్లు అన్ని ఊళ్లకూ వచ్చేశాయి, చెయ్యి కూడా మాట వినడం లేదు. ఆమె కాఫీ ఇచ్చింది. గ్లాసు తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని తాగాడు. బల్ల మీద ఉన్న బెంగళూరు పలకను చూస్తానన్నాడు. వెలుతురులోకి తీసుకుపోయి, అటూ ఇటూ తిప్పి, చివరన ఉన్న పేరు మీద వేలు పెట్టాడు.

“శ్వ బాగా కుదిరింది,” అన్నాడు. “కష్టం అది.”

“శానా తెగినాయి రంపాలు.”

“నేను పెట్టనిచ్చి ఉండాల్సింది. అది సెప్పేదానికే వచ్చినానమ్మా.”

ఆమె క్షమించానని అనలేదు, లేదని కూడా అనలేదు. కోపం ఉండవలసిన చోట వెతికితే అలసట మాత్రం దొరికింది. బస్సు వేళ అవుతుంటే అతనితో పాటు లేచి, చెప్పులేసుకుంది. బస్టాండుదాకా నడిచారు. మదనపల్లె బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. కాలేజీ పిల్లలు గుంపుగా అరుచుకుంటూ పోతున్నారు. టమాటా బుట్టలు దించుతున్నారు.

“ఇంట్లో ఎవరుంటారమ్మా నీతో?” అడిగాడు హరినాథ్. ఇన్నేళ్లలో మొదటిసారి.

“ఎవరూ లేరప్పా. మొదటినుంచి ఒక్కదాన్నే. నీకో?”

“మా ఆవిడ నేను ఈ పని పెట్టకముందే పోయింది. పిల్లలు లేరు.”

మునీశ్వరి అతని వైపు తిరిగి చూసింది. అతను రోడ్డు వైపు చూస్తున్నాడు. ఖాళీ పలకలు అటునుంచి ఇటు, నిండిన పలకలు ఇటునుంచి అటు తిరిగిన కాలమంతా ఇద్దరి ఇళ్లలోనూ ఒక్కో మనిషే ఉన్నారు. ఒక్కరైనా అడిగి ఉంటే తెలిసేది. కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలో కూర్చున్న సాయంత్రాలు ఎన్నో వచ్చి పోయాయి.

“అప్పుడు అడగాల్సింది నేను,” అంది.

“నేనూ అడగలేదు గదా.”

బస్సు వచ్చింది. హరినాథ్ ఎక్కడానికి కమ్మీ పట్టుకుంటే చెయ్యి జారింది. ఆమె మోచెయ్యి పట్టి ఎక్కించింది. కిటికీ దగ్గర సీటు దొరికింది అతనికి. ఏదో అన్నాడు గానీ ఇంజను చప్పుడులో వినపడలేదు. ఆమె తల ఊపింది. బస్సు వి.కోట రోడ్డు మలుపు తిరిగిపోయాక, పని చేసుకునేంత వెలుతురు ఇంకా మిగిలే ఉన్నా, వెంటనే ఇంటికి పోవాలనిపించక ఆ బెంచీ మీదే మళ్లీ కూర్చుంది.